దోమ పుట్టేది మన పెరట్లోనే - పిడుదు దాగేది మన కొట్టంలోనే

సికింద్రాబాద్: వానకాలం వచ్చిందంటే పల్లెల్లో రెండు రకాల నష్టం మొదలవుతుంది. ఇంట్లో పిల్లలో పెద్దలో జ్వరంతో మంచం పడతారు. కొట్టంలో పాడి ఆవు మేత మానేసి, పాలు తగ్గించి, తల వేలాడేస్తుంది. మొదటిదానికి కారణం దోమ. రెండవదానికి చాలాసార్లు కారణం పిడుదు. కొన్ని ఊళ్లలో దీనినే గోమారి అంటారు. రెండూ రక్తం తాగేవే. రెండూ రోగాన్ని ఒక ఒంటి నుంచి మరో ఒంటికి మోసేవే. అయితే ఒంటి మీద వాలినప్పుడే వాటిని పట్టించుకుంటున్నాం. అవి పుట్టి పెరిగే చోటును వదిలేస్తున్నాం.

దోమ మీద పోరాటానికి దారి చూపిన పరిశోధన జరిగింది ఎక్కడో కాదు, సికింద్రాబాద్‌లోనే. అందుకే ఏటా ఆగస్టు 20న ప్రపంచ దోమల దినం జరుపుతున్నారు.

బేగంపేటలో తేలిన నిజం

మలేరియా అన్న మాటకు ఇటలీ భాషలో చెడుగాలి అని అర్థం. చిత్తడి నేలల మీది గాలి పీలిస్తే చలిజ్వరం వస్తుందని వెనకటి రోజుల్లో నమ్మేవారు. 1880లో లావెరాన్ అనే ఫ్రెంచి సైనిక వైద్యుడు రోగి రక్తంలో మలేరియా క్రిమిని చూశాడు. ఆ క్రిమి ఒకరి నుంచి మరొకరికి ఎలా చేరుతుందన్నది మాత్రం అప్పటికి తేలలేదు.

దాని అంతు చూడాలని పట్టుపట్టినవాడు రోనాల్డ్ రాస్. 1857లో అల్మోరాలో పుట్టి, సైనిక వైద్యుడై 1895లో సికింద్రాబాద్ చేరాడు. రెండేళ్లు వందలాది దోమలను కోసి, సూక్ష్మదర్శినిలో చూశాడు. ఏమీ దొరకలేదు. కారణం, ఆయన చూసినవి మలేరియాను మోయని జాతుల దోమలు. 1897 ఆగస్టులో రెక్కల మీద మచ్చలున్న దోమలు ఆయన చేతికి వచ్చాయి. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి, కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున తీసుకుని, వాటిచేత కుట్టించుకున్నాడు. ఉక్కపోత రోజులు. పంకా వేస్తే కోసిన దోమ ఎగిరిపోతుందని దాన్ని కూడా ఆపించాడు రాస్. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి.

ఆగస్టు 20న ఒక దోమ పొట్ట గోడలో నల్లని రేణువులున్న గుండ్రటి కణాలు కనిపించాయి. మరునాడు మరో దోమలో అవే కణాలు ఇంకా పెద్దవై ఉన్నాయి. అంటే రోగి నుంచి తాగిన క్రిమి దోమ కడుపులో పెరుగుతున్నదన్నమాట. మరుసటి ఏడాది కలకత్తాలో పక్షుల మలేరియా మీద పరిశోధించి, ఆ క్రిమి దోమ లాలాజల గ్రంథులకు చేరి, కాటు ద్వారా మరో ప్రాణికి పాకుతుందని నిరూపించాడు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన పని చేసిన భవనం బేగంపేట పాత విమానాశ్రయం సమీపంలో ఉన్నది. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన పరాన్నజీవ శాస్త్ర సంస్థకు ఆయన పేరే పెట్టారు.

ఆ తర్వాత రాస్ చెప్పిన మాట ఇంకా ముఖ్యమైనది. దోమల వెంట పడవద్దు, అవి గుడ్లు పెట్టే నీటి వెంట పడండి అన్నాడు. మనుషులను జట్లుగా కట్టి ఇంటింటికీ పంపి, నిలవ నీళ్లు పారబోయించాలని బోధించాడు. 1902లో సూయజ్ కాలువ కంపెనీ పిలుపు మీద ఈజిప్టులోని ఇస్మాయిలియా పట్టణం వెళ్లి ఇదే పద్ధతి సూచించాడు. గుంటలు పూడ్చి, నీళ్లు నిలవకుండా చూశాక అక్కడ మలేరియా బాగా తగ్గింది.

మందు ఒక్కటే చాలదు

మన దేశంలో 1947 నాటికి ఏటా సుమారు ఏడున్నర కోట్ల మందికి మలేరియా వచ్చేదని అంచనా. 1953లో జాతీయ కార్యక్రమం మొదలై ఇంటింటా డి.డి.టి. చల్లారు. 1965 నాటికి కేసులు సుమారు లక్షకు దిగాయి. ఇక పోయినట్టే అనుకుని పట్టు సడలించారు. దోమలు డి.డి.టి.కి అలవాటు పడ్డాయి. 1976లో కేసులు మళ్లీ 64 లక్షలు దాటాయి. చల్లుడు ఒక్కదాన్నే నమ్ముకోరాదని ఆ అనుభవం చెబుతున్నది.

సాయంత్రం వీధిలో కొట్టే పొగ కూడా అంతే. గాలిలో ఎగిరే దోమలు కొన్ని చస్తాయి. నీటిలోని పిల్ల పురుగులకు దానివల్ల ఏమీ కాదు. నాలుగు రోజుల్లో కొత్త దండు లేస్తుంది. వేపాకు పొగ దోమను కొంతసేపు దూరం పెడుతుందే తప్ప చంపదు.

మూడు దోమలు - మూడు నీళ్లు

మనకు హాని చేసే దోమలు ముఖ్యంగా మూడు రకాలు.

మలేరియా దోమ, అంటే అనాఫిలిస్, చాలావరకు మురుగులేని నీటిలో పెరుగుతుంది. పల్లెల్లో కుంటలు, కాలువ అంచులు, వానగుంటలు దీని నెలవు. పట్నంలో బావులు, మూతలేని ట్యాంకులు. కుట్టేది పొద్దు వాలిన తర్వాత.

డెంగీ, చికున్‌గున్యా తెచ్చేది ఏడిస్. ఒంటి మీద, కాళ్ల మీద తెల్లని చారలుంటాయి. పగలే కుడుతుంది. దీనికి చెరువు అక్కరలేదు. కొబ్బరి చిప్పలో, పాత టైరులో, పూలకుండీ కింది పళ్లెంలో, కూలరులో, వాడని రోటిలో నిలిచిన నీళ్లు చాలు. 2005-06లో రాష్ట్రంలో ఊళ్లకు ఊళ్లను కీళ్లనొప్పులతో కూలేసిన చికున్‌గున్యా ఈ దోమ పనే.

మూడవది క్యూలెక్స్. మురికి కాలువలు, మరుగుదొడ్డి గుంతలు దీని నివాసం. బోదకాలు తెచ్చేది ఇదే. దీని జాతిదే మరొకటి వరి మడుల్లో పెరిగి మెదడువాపు జ్వరాన్ని మోస్తుంది. ఆ క్రిమి పందుల్లో పెరుగుతుంది కనుక పందులను ఇళ్లకు దూరంగా ఉంచాలి.

ఏడు రోజుల లెక్క

గుడ్డు నుంచి రెక్కల దోమ కావడానికి మన వేడికి వారం, పది రోజులు పడుతుంది. కనుక ఏడు రోజులకొకసారి నీళ్లు పారబోస్తే ఆ పురుగుకు దోమయ్యే వ్యవధి ఉండదు. వారంలో ఒక రోజు పెట్టుకోండి. ఆనాడు గోలెం, తొట్టి, డ్రమ్ము, బిందె అన్నీ ఖాళీ చేసి, లోపలి గోడను పీచుతోనో కొబ్బరి చిప్పతోనో గట్టిగా రుద్ది, ఎండబెట్టి, మళ్లీ నింపుకోవాలి. రుద్దడం తప్పనిసరి. ఏడిస్ గుడ్లు గోడకు అంటుకుని ఉంటాయి. నీళ్లు ఎండినా నెలల తరబడి చావవు. మళ్లీ నీళ్లు తగిలితే పిల్లలవుతాయి.

సంపుకూ ట్యాంకుకూ సందులేని మూత ఉండాలి. మరుగుదొడ్డి గాలి గొట్టం చివర దోమతెర గుడ్డ కట్టాలి. బోరింగు దగ్గర, స్నానాల దొడ్డి దగ్గర ఇంకుడుగుంత తవ్వాలి. పారబోయలేని మురికి గుంటలో, పశువులు తాగనిచోట, వాడిన ఇంజన్ నూనె కొద్దిగా పోస్తే పురుగుకు పైకి వచ్చి గాలి పీల్చే వీలుండదు. వాడకం లేని బావిలో గంబూషియా చేపలు వదిలితే పురుగులను తినేస్తాయి. అయితే ఇవి ఇతర చేపల గుడ్లను కూడా తింటాయి కనుక చెరువులోకి వదలరాదు.

ఒక్క ఇల్లు చేస్తే చాలదు. దోమకు గోడ అడ్డం కాదు. ఒక ఇంటి వెనక పడి ఉన్న టైరు పదిళ్లకు దోమలను పంచుతుంది. వాడ మొత్తం ఒకే రోజు చేస్తేనే ఫలితం. సికింద్రాబాద్ చుట్టూ ఊళ్లు పెరిగి పొలాలు ప్లాట్లయ్యాయి. ఖాళీ ప్లాట్లలో, కట్టడం ఆగిన ఇళ్ల పునాదుల్లో నిలిచే నీటిని పంచాయతీ, పురపాలక సిబ్బందిచేత తీయించుకోవాలి.

జ్వరం వస్తే రక్తపరీక్ష చేయించుకున్నాకే మందు వాడాలి. డెంగీ అనుమానముంటే ఆస్పిరిన్ వంటి నొప్పి మాత్రలు మింగితే రక్తస్రావమయ్యే ప్రమాదముంది. పారాసిటమాల్ తప్ప మరేదీ వైద్యుని అడగకుండా వేసుకోరాదు.

కొట్టం గోడలో శత్రువు

పురుగు రోగాన్ని మోస్తుందన్న సంగతి రాస్ కంటే ముందే పశువుల విషయంలో రుజువైంది. అమెరికాలో దక్షిణాది పశువులు నడిచివెళ్లిన దారిలో ఉత్తరాది పశువులు జ్వరంతో చచ్చేవి. పిడుదులే కారణమని పశువుల కాపరులు అనుమానించారు. థియోబాల్డ్ స్మిత్, కిల్‌బోర్న్ అనే శాస్త్రజ్ఞులు ఆ పశువుల పిడుదులను ఏరేసి చూశారు. రోగం పాకలేదు. పశువులు లేకుండా పిడుదులను మాత్రమే మేతబీట్లో వదిలి చూశారు. రోగం వచ్చింది. 1893లో దీనిని ప్రకటించారు.

మన దగ్గర పిడుదులు తెచ్చే రోగాల్లో ముఖ్యమైనవి రెండు. థైలీరియాసిస్ వస్తే జ్వరం మండిపోతుంది, గ్రంథులు ఉబ్బుతాయి, రక్తం తగ్గుతుంది. బబీసియోసిస్ వస్తే మూత్రం కాఫీ రంగులో పోస్తుంది. నాటు పశువులు కొంత తట్టుకుంటాయి. పాల కోసం తెచ్చిన జెర్సీ, హోల్‌స్టీన్ సంకరజాతి ఆవులు త్వరగా కూలిపోతాయి. అప్పు చేసి కొన్న ఆవు పోతే ఆ ఇంటికి ఎంత దెబ్బో వేరే చెప్పనక్కరలేదు. పై లక్షణాలు కనిపించిన రోజే పశువైద్యశాలకు కబురు పెట్టాలి. మొదట్లో అయితే రెండింటికీ మందులున్నాయి.

రైతులు సాధారణంగా పశువుకు మందు పూసి ఊరుకుంటారు. పది రోజులకు పిడుదులు మళ్లీ కనబడితే మందు మంచిది కాదంటారు. నిజానికి రక్తం తాగి బలిసిన ఆడ పిడుదు కింద రాలి, గోడ బీటలోనో పెంట కిందనో వేల గుడ్లు పెడుతుంది. పిల్లలు నెలల తరబడి ఆకలితో కాచుకుని ఉంటాయి. కనుక పశువుతోపాటు కొట్టానికీ వైద్యం చేయాలి.

గోడ బీటలను మట్టితోనో సిమెంటుతోనో పూడ్చి సున్నం వేయండి. పేడ, చెత్త రోజూ ఎత్తి దూరంగా వేయండి. రాళ్లు, పాత కట్టెలు కొట్టంలో పేర్చకండి. కోళ్లను తిరగనిస్తే కొన్ని పిడుదులను ఏరి తింటాయి. మందు పశువైద్యుడు చెప్పిన పాళ్లలోనే కలిపి పశువుకు, గోడకు, నేలకు చల్లండి. గుడ్లు మందుకు చావవు కనుక రెండు మూడు వారాలకు మళ్లీ చల్లాలి. చల్లే ముందు పశువుకు కడుపునిండా నీళ్లు తాగించాలి, ఒళ్లు ఆరేవరకు నాకకుండా చూడాలి. పంటల పురుగుమందును పశువుకు పూయరాదు. కొత్తగా కొన్న పశువును, పిడుదులు లేవని తేలేదాకా, విడిగా కట్టాలి. ఇంటి కుక్కనూ మరువరాదు.

పిడుదును వేళ్లతో నలపడం ప్రమాదం. 2011లో గుజరాత్‌లో ప్రాణాలు తీసిన క్రిమియన్-కాంగో జ్వరం పిడుదుల ద్వారా, రోగమున్న పశువుల రక్తం ద్వారా మనిషికి సోకేదే. చిమటాతో పీకి, కిరోసిన్‌లోనో సబ్బు నీళ్లలోనో వేసి, చేతులు కడుక్కోవాలి.

దోమకు వారంలో ఒక పూట, పిడుదుకు రోజూ కొట్టం శుభ్రం చేసే కాస్త సేపు. ఇందులో డబ్బు ఖర్చు తక్కువ, కావలసింది తప్పకుండా చేయడం. ఈ వారమే ఇంటి వెనక ఒకసారి తిరిగి చూడండి. ఏ చిప్పలో నీళ్లున్నాయో, ఏ గోడ బీట వారిందో మీకే తెలుస్తుంది.