ఇంటి వెనుక సమాధి మందిరము

రోమనుల సమాధులను గూర్చి తలచునపుడు మనము ఒక నియమమును గుర్తింపవలెను. పట్టణములలో మృతులను ఊరి వెలుపలనే ఉంచవలెనని వారి శాసనము. సాగుభూముల నడుమ సంపన్నులు నిర్మించుకొన్న ‘విల్లా’లకు ఆ కట్టుబాటు లేదు.

ఇంగ్లండున కెంటు మండలమందలి లల్లింగ్‌స్టోన్ విల్లాలో, ఇంటి వెనుక కొండవాలుననే, క్రీ.శ. 300 ప్రాంతమున సమాధి మందిరమొకటి వెలసినది. అందు ఒక యువకుని, ఒక యువతిని సీసపు పేటికలలో నిక్షేపించిరి. యువతి పేటికను ప్రాచీనకాలముననే దొంగలు దోచిరి. యువకునిది చెక్కు చెదరలేదు. 1949లో ఆరంభమైన త్రవ్వకములలో ఆ పేటికపై 30 గాజు ఆటకాయలు దొరకినవి.

విజయతోరణములు చక్రవర్తుల ప్రతాపమును చాటును. ఈ గాజుకాయలో, అనుదినము కంటబడు చోటనే తమవారిని ఉంచుకొని, ఆటవస్తువులను సైతము తోడిచ్చిన ఇంటివారి మమతను మనకు తెలుపుచున్నవి.