పాత పెంకుటిల్లు – ఎలుకల బెడద

కోతలు ముగిసి ధాన్యం ఇళ్లకు చేరే రోజుల్లో మన గోదావరి జిల్లాల్లో ఎలుకలు కూడా ఇంటిదారి పడతాయి. చేలో గింజ ఉండదు. వరద వస్తే కన్నాలు మునుగుతాయి. అప్పుడు వాటికి కనిపించేది మన ఇల్లే. తాతలనాటి మండువా ఇల్లు, పెంకుటిల్లు అయితే మరీ అనుకూలం.

ఎలుకల మందు కొనేముందు ఎలుకల దారి మూయండని మా మనవి. ఒక ఎలుక చచ్చినా అదే కన్నంలోంచి మరొకటి వస్తుంది.

పందికొక్కు పునాది పక్కనుంచి తవ్వుకొస్తుంది. ఇంటి ఎలుక చెట్టుకొమ్మలు, కరెంటు తీగల మీదుగా చూరు చేరి అటకపై కాపురం పెడుతుంది. బొటనవేలు పట్టే కన్నం దానికి చాలు. చిట్టెలుకకు పెన్సిలు పట్టే సందు చాలు.

కన్నాలను గుడ్డలతో, మట్టితో మూస్తే లాభం లేదు. ఎలుక పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, కనుక అది కొరకడం మానదు. గాజుపెంకులు కలిపిన సిమెంటుతో పూడ్చండి. తూములకు సన్నకన్నుల ఇనుపవల బిగించండి. తలుపుల అడుగున రేకు కొట్టించండి. చూరును తాకే కొమ్మలు నరికించండి. విడిగా ఉన్న కొబ్బరిచెట్టుకు మనిషెత్తుకు పైన 40 సెంటీమీటర్ల వెడల్పు రేకు చుట్టిస్తే ఎలుక ఎక్కలేదు. ధాన్యం బస్తాలను గోడకు మూరెడు దూరంగా బల్లలపై పేర్చండి. గడ్డిమేటు ఇంటికి ఎడంగా వేయండి.

లోపల మిగిలినవాటికి బోను మేలు. ఎలుక కొత్త వస్తువును అనుమానిస్తుంది. అందుచేత రెండు మూడు రాత్రులు బోను బిగించకుండా ఎర మాత్రమే ఉంచి, తరువాత బిగించండి. ఇరుగుపొరుగు కలిసి ఒకేసారి చేస్తే ఫలితం ఎక్కువ. ఎలుక మూడు వారాలకే ఈనుతుంది, ఆ పిల్లలు మూడు నెలల్లో మళ్లీ పిల్లలు పెడతాయి.

ఎలుక మూత్రం కలిసిన నీటివల్ల ఎలుక జ్వరం వస్తుంది. కాలి పుండ్లతో బురదలో దిగినవారికి జ్వరం, పిక్కల నొప్పులు, పచ్చకళ్లు కనిపిస్తే వెంటనే వైద్యునికి చూపాలి. ఎలుక పెంటికలను పొడిగా ఊడ్వక, బ్లీచింగ్ నీళ్లు చల్లి తీయండి.

ఇక ముఖ్యమైన మాట. పసుపు భాస్వరం ఉన్న ఎలుకల పేస్టు పళ్ల పేస్టులాగే కనిపిస్తుంది. అది కడుపులోకి పోతే, మొదటి రోజుల్లో కులాసాగా ఉన్నట్టే ఉండి, తరువాత కాలేయం దెబ్బతింటుంది. దానికి విరుగుడు మందు లేదు. ఎవరైనా తింటే, బాగానే ఉన్నారు కదా అని ఆగకుండా, ఆ ట్యూబుతో సహా ఆ ఘడియలోనే పెద్దాసుపత్రికి తీసుకువెళ్లండి. పసిపిల్లలున్న ఇంట, మనసు కలతపడినవారున్న ఇంట అది ఉండనే కూడదు. ఈ రాత్రే మీ అటక, గూళ్లు, అలమర వెదకండి. ఎలుక తిన్న ధాన్యం వచ్చే పంటకు తిరిగి వస్తుంది, మనిషి రాడు.