రెయిడ్ మూగబోయినప్పుడు

పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోల్లోనూ, ఆడిటర్ల ఆఫీసుల్లోనూ, ఫ్లెక్సీలు డిజైన్ చేసే షాపుల్లోనూ ఒకే డెస్క్‌టాప్‌లో రెండు మూడు హార్డ్ డిస్కులను కలిపి రెయిడ్‌గా నడపడం ఇప్పుడు వింతేమీ కాదు. ఒక డిస్కు పోయినా సమాచారం ఇంకోదాంట్లో భద్రంగా ఉంటుందన్న ధీమాతో పెట్టించుకుంటారు. ఆ ధీమా సగమే నిజం. డిస్కు పోయినా పని ఆగకుండా చూడటం రెయిడ్ బాధ్యత. డిస్కు పోయిందన్న కబురు యజమానికి చేరవేయడం దాని మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ బాధ్యత. మొదటి పని ఎంత బాగా జరిగితే రెండోదాని అవసరం అంత పెరుగుతుంది. పని ఎక్కడా ఆగలేదు గనక, ఎవరో ఒకరు చెబితే తప్ప లోపల ఏదో చెడిందని అనుమానమే రాదు. అందుకే ఆ సాఫ్ట్‌వేర్ తెరుచుకోకపోవడాన్ని, తెరుచుకున్నా డిస్కుల జాబితా ఖాళీగా చూపడాన్ని చిన్న చికాకుగా వదిలేయకూడదంటాను. ఒక డిస్కు పోతే ఎంత కంగారు పడతామో దీనికీ అంతే పడాలి.

ఇది అతిశయోక్తి కాదనడానికి సాక్ష్యం రెయిడ్ పుట్టుకలోనే ఉంది. 1988లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ ఒక పరిశోధన పత్రంలో ఈ ఆలోచనను వివరించారు. ఖరీదైన ఒక పెద్ద డిస్కు బదులు చవకైన చిన్న డిస్కులు చాలా వాడితే వేగం పెరుగుతుంది, ఖర్చు తగ్గుతుంది. కానీ డిస్కుల సంఖ్య పెరిగేకొద్దీ వాటిలో ఏదో ఒకటి చెడిపోయే అవకాశమూ పెరుగుతుంది. అందుకని అదనపు నకలు, లేదా పోయిన భాగాన్ని లెక్కగట్టి తిరిగి రాబట్టే సమాచారం తోడుగా ఉంచాలన్నారు. ఎంత భద్రత వస్తుందో లెక్క కూడా కట్టారు. ఆ లెక్కలో డిస్కు సగటు ఆయుష్షుతో పాటు ఇంకో అంకె ఉంది, చెడిన డిస్కును మార్చి మళ్లీ నింపడానికి పట్టే సమయం. రెయిడ్ గురించి మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా మరిచిపోయేది ఈ అంకెనే. ఒక డిస్కు పోయిన రోజే మార్చేస్తే, ఆ ఒక్క రోజులో రెండోది కూడా పోయే అవకాశం బహు తక్కువ. అదే వంద రోజులు ఎవరూ గమనించకపోతే ఆ ముప్పు దాదాపు వంద రెట్లవుతుంది. మంచి కంపెనీ డిస్కులు కొన్నాం కదా అన్న తృప్తి ఈ లెక్కను మార్చలేదు. స్టెప్నీ మీద నడుస్తున్న లారీ కూడా నడుస్తూనే ఉంటుంది. ఆ సంగతి డ్రైవరుకు తెలియాలి, అంతే.

తెర మీద కనిపించే కిటికీ ఈ వ్యవస్థలో పై పొర మాత్రమే. అన్నిటికన్నా అడుగున డిస్కులు. వాటి పైన కంట్రోలర్, దాని ఫర్మ్‌వేర్. ఆ పైన విండోస్‌లో డ్రైవర్, డ్రైవర్‌తో మాట్లాడుతూ వెనక నడిచే సర్వీస్, చివరికి మనం చూసే కిటికీ. ఇంటెల్ మదర్‌బోర్డుల్లో ర్యాపిడ్ స్టోరేజ్ టెక్నాలజీ, ఏఎండీ బోర్డుల్లో రెయిడ్ఎక్స్‌పర్ట్2, విడిగా కొన్న కార్డులకు మెగారెయిడ్ స్టోరేజ్ మేనేజర్, అడాప్టెక్ మ్యాక్స్‌వ్యూ లాంటివి ఈ కిటికీలు. కిటికీ మూసుకుపోతే డిస్కులు పోయినట్టు కాదు. కిటికీ లేకపోయినా రెయిడ్ నడుస్తుంది. ఈ రెండు మాటలూ గుర్తుంటే సగం భయం తగ్గుతుంది. అసలు నష్టం చాలాసార్లు భయంలోనే జరుగుతుంది. కిటికీ తెరుచుకోలేదని రెయిడ్‌నే చెరిపేసి కొత్తగా తయారుచేసిన క్షణంలో ఏళ్ల తరబడి దాచినది పోతుంది.

కిటికీ మొరాయించడానికి కారణాలు చాలావరకు మామూలువే. ఇంటెల్ సాఫ్ట్‌వేర్‌లో వెనక నడిచే సర్వీస్‌ను కంప్యూటర్ ఆన్ కాగానే కాకుండా, కొంత ఆలస్యంగా మొదలయ్యేలా అమర్చారు. కాబట్టి ఆన్ చేసిన తొలి నిమిషాల్లో సర్వీస్ నడవడం లేదని కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. పావుగంట గడిచినా అదే మాట చూపిస్తే విండోస్ సర్వీసుల జాబితా తెరిచి దాన్ని చేత్తో మొదలుపెట్టి చూడాలి. అదీ కుదరకపోతే డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ సరిగ్గా ఉందా, విండోస్ అప్‌డేట్ డ్రైవర్‌ను మార్చేసిందా అని చూడాలి. కిటికీ ఒక తరానిది, డ్రైవర్ ఇంకో తరానిది అయితే రెండింటికీ మాట కలవదు. ఇంటెల్ వెర్షన్లు చిప్‌సెట్‌ను బట్టి ఉంటాయి గనక, అన్నిటికన్నా కొత్తది తెచ్చి వేస్తే ఈ యంత్రానికి పనికిరాదని ఇన్‌స్టాలరే తిప్పికొట్టవచ్చు. మదర్‌బోర్డు తయారీదారు పేజీలో ఆ మోడల్ కింద ఉన్న డ్రైవరే సరైనది. ఇక మెగారెయిడ్ స్టోరేజ్ మేనేజర్ జావా మీద నడుస్తుంది. అది ఒకే కంప్యూటర్‌లో ఉన్నా నెట్‌వర్క్ ద్వారా సర్వర్‌ను వెతుక్కున్నట్టే పనిచేస్తుంది. అందుకే ఫైర్‌వాల్ అడ్డుపడితే తన కార్డు తనకే కనిపించదు. అది అడిగే పాస్‌వర్డ్ విండోస్ అడ్మినిస్ట్రేటర్‌దే. పాస్‌వర్డ్ లేకుండా కంప్యూటర్ వాడే అలవాటున్నవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు.

పాత కార్డులతో ఇంకో చిక్కు, కంపెనీలు చేతులు మారడం. మెగారెయిడ్ తయారుచేసిన ఎల్‌ఎస్‌ఐని 2014లో అవాగో కొనుక్కుంది. ఆ అవాగోయే 2016లో బ్రాడ్‌కామ్‌ను కొని ఆ పేరే పెట్టుకుంది. అడాప్టెక్ కార్డులు పీఎంసీ సియెర్రా, మైక్రోసెమీల మీదుగా 2018లో మైక్రోచిప్ చేతికి వచ్చాయి. ఇలా మారిన ప్రతిసారీ పాత డౌన్‌లోడ్ లింకులు చెదిరిపోతాయి. వెతుకులాటలో దొరికే ఏదో డ్రైవర్ల వెబ్‌సైట్ నుంచి ఫైల్ తెచ్చి వేయడం ప్రమాదం. డిస్కులన్నిటినీ శాసించే డ్రైవర్‌ను ఊరూపేరూ తెలియని చోట నుంచి తెచ్చుకోకూడదు. యంత్రం బాగున్న రోజునే దాని డ్రైవర్, సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలర్లు పెన్‌డ్రైవ్‌లో దాచి ఉంచుకోవడం మేలు.

వీటన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సిన సందర్భం వేరే ఉంది. ఒక ఉదయం కంప్యూటర్ ఆన్ చేస్తే రెయిడ్ మొత్తం మాయం. సాఫ్ట్‌వేర్‌లో ఏమీ కనిపించదు, డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళితే కొత్త డిస్కును ఇనిషియలైజ్ చేయమంటావా అని విండోస్ అడుగుతుంది. ఒప్పుకోకూడదు. మదర్‌బోర్డు మీద సీఆర్2032 అనే బిళ్ల బ్యాటరీ ఉంటుంది. అది అయిపోయినా, బయోస్ అప్‌డేట్ చేసినా సెట్టింగులు మొదటికొచ్చి, శాటా మోడ్ రెయిడ్ నుంచి, డిస్కులను విడివిడిగా చూపే ఏహెచ్‌సీఐకి మారిపోవచ్చు. గడియారం పాత తేదీ చూపిస్తుంటే బ్యాటరీనే అనుమానించాలి. డిస్కుల మీద రెయిడ్ వివరాలు అలాగే ఉంటాయి, వాటిని చదివే మోడ్ మాత్రమే మారింది. బ్యాటరీ మార్చి, బయోస్‌లో మోడ్ తిరిగి రెయిడ్‌కు పెడితే చాలావరకు అంతా యథాస్థానంలో కనిపిస్తుంది. ఒకే సమాచారం రెండు డిస్కుల్లో ఉండే మిర్రర్‌లో ఇంకో సూక్ష్మం ఉంది. ఏహెచ్‌సీఐలో ఉండగా రెండు డిస్కులూ విడివిడిగా కనిపించి, ఒకదాన్నే తెరిచి పని చేసుకుంటూ పోతే రెండింటిలోని సమాచారం తేడా పడుతుంది. తర్వాత రెయిడ్‌కు మార్చినప్పుడు ఏది కొత్తదో కంట్రోలర్‌కు తెలియకపోవచ్చు. కాబట్టి ఆ స్థితిలో ఏమీ రాయకుండా ముందు మోడ్ సరిచేయాలి. విడి కార్డుల్లో ఇలాంటి మలుపు ఫారిన్ కాన్ఫిగరేషన్ అన్న సందేశం. డిస్కుల మీద ఉన్న వివరాలు కార్డు జ్ఞాపకంలో ఉన్నవాటితో సరిపోలడం లేదని దాని అర్థం. అక్కడ ఇంపోర్ట్, క్లియర్ అని రెండు దారులు చూపిస్తుంది. క్లియర్ అంటే ఆ వివరాలు తుడిచేయడమే. ఏ డిస్కు ఎప్పటిదో తేల్చుకున్నాకే ఇంపోర్ట్ వైపు వెళ్లాలి.

కిటికీ బాగయ్యేదాకా చీకట్లో ఉండనక్కర్లేదు, కింది పొరలను నేరుగా అడగవచ్చు. అడగడానికి ముందు ఒక పని చేయాలి. ఫైళ్లు తెరుచుకుంటున్నంత కాలం ముఖ్యమైనవన్నీ వేరే డిస్కుకు కాపీ చేసుకోవాలి. మరమ్మతుల్లో మొదటి మెట్టు ఇదే, దీన్ని దాటవేసే టెక్నీషియన్‌ను ఆపాలి. ఆ తర్వాత కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు వచ్చే ఫర్మ్‌వేర్ తెర చూడాలి. పాత ఇంటెల్ బోర్డుల్లో కంట్రోల్, ఐ మీటలు కలిపి నొక్కితే వస్తుంది, కొత్తవాటిలో బయోస్ మెనూలోనే ఉంటుంది. మెగారెయిడ్ కార్డులకు స్టోర్‌సీఎల్ఐ, అడాప్టెక్‌కు ఆర్క్‌కాన్ఫ్ అనే కమాండ్ పరికరాలు ఉన్నాయి. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో 129 నంబరు హెచ్చరిక పదేపదే ఉంటే, డిస్కు సమాధానం ఇవ్వక డ్రైవర్ దాన్ని రీసెట్ చేస్తోందని అర్థం. డిస్కులు తమ ఆరోగ్యం గురించి తామే నమోదు చేసుకునే స్మార్ట్ వివరాల్లో మూడు అంకెలు చూస్తే చాలు. 5వది చెడిపోయి పక్కనపెట్టిన సెక్టార్లు, 197వది చదవలేక తేల్చని సెక్టార్లు, 199వది డిస్కుకూ కంట్రోలర్‌కూ మధ్య ప్రయాణంలో దొర్లిన తప్పులు. 199 పెరుగుతుంటే ముందు అనుమానించాల్సింది డిస్కును కాదు, శాటా కేబుల్‌ను. వదులైన కేబుల్ వల్ల బాగున్న డిస్కు రెయిడ్ నుంచి బయటపడటం, దాన్ని పారేసి కొత్తది కొనడం అనవసరపు ఖర్చు. డిస్కు మార్చాల్సి వస్తే సాఫ్ట్‌వేర్ చూపే సీరియల్ నంబర్‌ను డిస్కు మీది లేబుల్‌తో పోల్చి చూశాకే పీకాలి. మిర్రర్‌లో చెడిన దాని బదులు బాగున్న దాన్ని తీసేస్తే మిగిలేది చెడినదే.

మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్‌ను ఇంతగా పట్టించుకోవాలన్న మాటకు అభ్యంతరాలు లేకపోలేదు. ఆన్ చేసినప్పుడు తెర మీద రెయిడ్ స్థితి కనిపిస్తుంది కదా, వేరే సాఫ్ట్‌వేర్ ఎందుకు అంటారు. ఫాస్ట్ బూట్ వచ్చాక ఆ తెర రెప్పపాటులో పోతుంది, స్లీప్‌లో పెట్టే యంత్రాల్లో వారాల తరబడి రానే రాదు. చెడితే కార్డు బీప్ కొడుతుంది కదా అంటారు. కొడుతుంది. కానీ ఆ మోత భరించలేక అలారం ఆపేసి, అసలు కారణం చూడని సందర్భాలు ఈ వృత్తిలో ఉన్నవారికి తెలియనివి కావు. ఈ సాఫ్ట్‌వేర్లు బరువైనవి, పాత జావాతో వచ్చేవి భద్రతకు ముప్పు అనే వాదన మాత్రం బలమైనది, దాన్ని ఒప్పుకుంటాను. అలాంటప్పుడు కిటికీ తీసేసి, రోజుకొకసారి కమాండ్ పరికరంతో స్థితి అడిగి తేడా ఉంటే మెయిల్ పంపే చిన్న టాస్క్ పెట్టుకున్నా సరిపోతుంది. కబురు చేరడం ముఖ్యం, ఏ దారిన చేరిందన్నది కాదు.

అన్నిటికన్నా లోతైన అభ్యంతరం, ఇంత తలనొప్పి ఉంటే డెస్క్‌టాప్‌కు రెయిడ్ ఎందుకు అన్నది. చాలా ఇళ్లకు అక్కర్లేదనే నా అభిప్రాయం. పొరపాటున చెరిపేసిన ఫైల్, ర్యాన్సమ్‌వేర్ తాళం వేసిన ఫైల్ మిర్రర్‌లోని రెండు డిస్కుల్లోనూ ఒకేసారి అలాగే మారిపోతాయి. రెయిడ్ బ్యాకప్ కాదు. పైగా సాధారణ డెస్క్‌టాప్ డిస్కులకు 10,00,00,00,00,00,000 బిట్లు, అంటే దాదాపు 12.5 టెరాబైట్లు చదివితే ఒక్క చోట చదవలేని తప్పు రావచ్చని కంపెనీలు పరిమితి రాస్తాయి. నిజ జీవితంలో డిస్కులు అంతకన్నా మెరుగ్గానే నడుస్తాయి గానీ, నాలుగు 4 టెరాబైట్ల డిస్కులతో, పోయిన భాగాన్ని లెక్కగట్టి రాబట్టే రెయిడ్ 5 కట్టి అందులో ఒకటి పోతే, తిరిగి నింపడానికి మిగిలిన మూడింట్లోని 12 టెరాబైట్లూ చదవాలి. అందుకే ఇంట్లో ఫొటోలు దాచుకునేవారికి ఒక మామూలు డిస్కు, విడిగా రెండు బ్యాకప్‌లు చాలు. గంటసేపు పని ఆగినా నష్టపోయే స్టూడియోకు, రిటర్నుల గడువు తరుముతున్న ఆఫీసుకు రెయిడ్ ఉపయోగమే. దాన్ని ఎంచుకున్నవారు దాని కబుర్లు వినే ఏర్పాటునూ ఎంచుకోక తప్పదు.

రెయిడ్ ఉన్న కంప్యూటర్ మీ దగ్గర ఉంటే ఈ వారంలోనే మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ తెరిచి చూడండి. ప్రతి డిస్కు సీరియల్ నంబర్, అది తగిలించిన పోర్టు, బయోస్‌లోని శాటా మోడ్ ఒక కాగితం మీద రాసి క్యాబినెట్‌కు అతికించండి. మెయిల్ హెచ్చరిక సదుపాయం ఉంటే పరీక్ష మెయిల్ పంపి, అది మీ ఫోన్‌కు వచ్చిందో లేదో చూసుకోండి.