అధికారాన్ని పంచిన రాతిపలక

కబడ్డీలో ఏ జట్టు ముందు కూతకు వెళ్ళాలో తేల్చడానికి మీరు నాణెం ఎగరవేస్తారు కదా? బొమ్మ పడినా, బొరుసు పడినా ఎవరూ తగాదా పడరు. ఎందుకని? నాణేనికి స్వపర భేదం లేదు. అది లంచం పుచ్చుకోదు, ఎవరికీ భయపడదు. దాదాపు రెండున్నర వేల సంవత్సరాల క్రితం గ్రీసు దేశంలోని ఏథెన్స్ నగరం తన పరిపాలనలో చాలా భాగాన్ని ఈ సూత్రం మీదనే నడిపింది.

అంతకుముందు అక్కడ అధికారం కొద్ది సంపన్న కుటుంబాల చేతుల్లో ఉండేది. అప్పు తీర్చలేని పేదలు బానిసలుగా అమ్ముడుపోయేవారు. క్రీ.పూ. 594లో సోలన్ అనే నాయకుడు అప్పుకు మనుషులను తాకట్టు పెట్టడాన్ని నిషేధించాడు. క్రీ.పూ. 508లో క్లీస్తనీస్ పౌరులను 10 తెగలుగా విభజించాడు. ప్రతి తెగలోనూ నగరం వాళ్ళు, సముద్రతీరం వాళ్ళు, లోపలి పల్లెల వాళ్ళు కలిసి ఉండేటట్లు చూశాడు. దాంతో పాత కుటుంబాల పట్టు సడలింది. తెగకు 50 మంది చొప్పున 500 మందితో ఒక మండలి ఏర్పడింది. కాలక్రమాన మండలి సభ్యులనూ, అధికారులలో చాలామందినీ, న్యాయస్థానాల్లో తీర్పరులనూ చీటీ పద్ధతిలోనే ఎంచుకోసాగారు. సేనానులను మాత్రం ఓట్లతో ఎన్నుకునేవారు. యుద్ధవిద్య అందరికీ రాదు కదా!

తీర్పరుల ఎంపికకు క్రీ.పూ. 4వ శతాబ్దంలో ఒక సాధనాన్ని వాడారు. దాని పేరు క్లెరోటీరియన్. అదొక నిలువు పలక. దాని మీద వరుసకు 5 చొప్పున సన్నని గాడులు ఉండేవి. తీర్పరులు కాదలచినవారి పేర్లు గల బిళ్ళలను ఆ గాడుల్లో దోపేవారు. నల్లవి, తెల్లవి చిన్న పాచికలను కలిపి పలక పక్కన ఉన్న గొట్టంలో పోసేవారు. అవి ఒక్కొక్కటిగా బయటకు వచ్చేవి. తెల్లది వస్తే ఆ వరుసలోని ఐదుగురూ ఆ రోజు తీర్పరులు. నల్లది వస్తే ఐదుగురూ ఇంటికే!

ఇప్పుడు చిన్న లెక్క చేద్దాం. 250 మంది వచ్చారు, 50 మంది కావాలి అనుకోండి. వరుసలు 50. కాబట్టి 10 తెల్ల పాచికలు, 40 నల్లవి వేయాలి. అప్పుడు ధనికుడికైనా, చెప్పులు కుట్టేవాడికైనా అవకాశం ఐదింట ఒకటే. ఏ కేసుకు ఎవరు తీర్పరులో ముందుగా తెలియదు. ఇక లంచం ఎవరికివ్వాలి?

ఈ వివరాలు మనకెలా తెలిశాయి? ఈజిప్టులో దొరికిన పపైరస్ చుట్టల్లోని ఒక గ్రీకు గ్రంథం 1891లో అచ్చయింది. అందులో ఈ పద్ధతి అంతా రాసి ఉంది. ఏథెన్స్ తవ్వకాల్లో రాతిపలక ముక్కలు కూడా బయటపడ్డాయి.

అయితే ఆ గాడుల్లో ఎవరి బిళ్ళలు ఉండేవి? స్త్రీలవి లేవు. బానిసలవి లేవు. అక్కడే స్థిరపడి పన్నులు కట్టిన పరదేశీయులవీ లేవు. బిళ్ళ ఉన్నవారందరికీ ఆ పలక సమానంగా న్యాయం చేసింది. బిళ్ళే లేనివారికి అదేం చేయగలదు?

కాబట్టి ఈసారి మీ తరగతిలో చీట్లు తీసేటప్పుడు, అందరి పేర్లూ డబ్బాలో పడ్డాయో లేదో ముందుగా చూడండి.