నిలబడి నీళ్లు తాగే పరుగు

"పరుగెత్తి పాలు తాగడం కంటే నిలబడి నీళ్లు తాగడం మేలు" అన్న సామెత మన ఇళ్లలో విననివారు ఉండరు. పరుగు నేర్పడమే వృత్తిగా పెట్టుకున్న నాకు మాత్రం అది ఎన్నడూ రుచించేది కాదు. పరుగెత్తనివాడికి పాలెక్కడివి అని వాదించేవాణ్ని. అందులోని నిజం నాకు తెలిసిరావడానికి నా శిష్యురాలి కాలి ఎముక చీలవలసి వచ్చింది. ఆ సంగతి చెప్పే ముందు, అసలు ఈ ఆట ఏమిటో నాలుగు మాటలు చెబుతాను.

మూడు ఆటలు, ఒకే గడియారం

ఈత, సైకిలు, పరుగు - ఈ మూడింటినీ ఒకదాని వెంట ఒకటిగా, మధ్యలో గడియారం ఆపకుండా పూర్తి చేయడమే ట్రయాథ్లాన్. తడిబట్టలు మార్చుకునే సమయం కూడా లెక్కలోకే వస్తుంది. 2000 సిడ్నీ ఒలింపిక్స్ నుంచి ఇది ఒలింపిక్ క్రీడ. అక్కడ ఈత 1.5 కిలోమీటర్లు, సైకిలు 40, పరుగు 10. దూరపు పోటీ సంగతి వేరు. ఐరన్‌మాన్ అని పేరుపడిన ఆ పోటీలో ఈత 3.8 కిలోమీటర్లు, సైకిలు 180, పరుగు 42.2. సైకిలు దూరమొక్కటే చూసుకున్నా బెంగళూరు నుంచి మైసూరు దాటి ఇంకా ముందుకు వెళ్లినంత. సాధారణంగా 17 గంటల్లో పూర్తి చేయాలి. అందులో సగం దూరానికి వేరే పోటీ ఉంది. మన దేశంలో 2019లో గోవాలో అది మొదలైంది.

ఈ దూరపు పోటీ 1978 ఫిబ్రవరి 18న హవాయిలోని ఓహూ దీవిలో పుట్టింది. ఈతగాడు, సైకిలువాడు, పరుగువాడు - వీరిలో ఎవరు గట్టివారు అన్న వాదనకు ముగింపుగా జాన్ కాలిన్స్ అనే అమెరికా నౌకాదళ అధికారి దీన్ని ప్రతిపాదించాడు. 15 మంది బయలుదేరితే 12 మంది పూర్తి చేశారు. గెలిచిన గోర్డన్ హాలర్‌కు పట్టిన సమయం 11 గంటల 46 నిమిషాల పైచిలుకు. రెండోవాడైన జాన్ డన్‌బార్ పరుగులో ఉండగా అతని సహాయకుల దగ్గర నీళ్లు అయిపోయి, బీరు ఇచ్చారట. వినడానికి నవ్వొచ్చినా, ఈ ఆటలో నీళ్ల లెక్క తప్పితే ఏమవుతుందో అప్పుడే తెలిసింది.

1982లో జూలీ మాస్ అనే కాలేజీ విద్యార్థిని స్త్రీలలో మొదటి స్థానంలో వస్తూ, గమ్యం కొన్ని గజాల దూరంలో ఉండగా కూలిపోయింది. మరో యువతి దాటిపోయినా, చేతులు నేలకానించి పాకుతూ వెళ్లి రెండో స్థానంలో పూర్తి చేసింది. ఆ దృశ్యాన్ని టెలివిజన్‌లో చూసి ఎందరో ఈ ఆటలోకి వచ్చారు. నేనూ నా శిష్యులకు ఆ కథే చెప్పేవాణ్ని. "మనసు గట్టిదైతే ఒళ్లు దానంతటదే వస్తుంది" అనేవాణ్ని.

నేను చేసిన తప్పు

2021 చివర్లో బ్యాంకులో పనిచేసే ఒకావిడ నా దగ్గరకు వచ్చింది. వయసు 44. ఇద్దరు పిల్లలు, అత్తగారు, మంచం పట్టిన మామగారు. గోవాలో సగం దూరం పోటీ పూర్తి చేయాలని కోరిక. ఎందుకమ్మా అని అడిగాను. "సార్, ఇన్నేళ్లలో నాకోసమని ఒక పని మొదలుపెట్టి చివరిదాకా చేసింది లేదు" అంది.

పాతికేళ్ల సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లకు ఇచ్చే పట్టికే ఆమెకూ ఇచ్చాను. వారానికి ఆరు రోజులు, పదీ పన్నెండు గంటల సాధన. తెల్లవారుజామున మూడున్నరకే లేచి వంట ముగించి మైదానానికి వచ్చేది. ఒక్కరోజు తప్పింది లేదు. ఆమెను చూసి నేర్చుకోండని కుర్రాళ్లను మందలించేవాణ్ని.

నాలుగో నెలలో మోకాలి కింద ఎముక నొప్పి పుడుతోందని చెప్పింది. నేను జూలీ మాస్ కథ చెప్పాను. "ఓర్చుకో అమ్మా, ఓర్పే ఈ ఆట" అన్నాను. పది రోజుల తర్వాత ఆమె కాలు నేల మీద మోపలేకపోయింది. ఎముకకు వెంట్రుకవాసి చీలిక ఉందనీ, ఎనిమిది వారాలు పరుగు మాట తలపెట్టవద్దనీ డాక్టరు చెప్పారు.

చూసి రావడానికి వాళ్లింటికి వెళ్లాను. అత్తగారు కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చున్నారు. కోపంగా కాదు, మామూలుగానే అడిగారు: "ఏం నాయనా, కోడలు ఎంత దూరం ఉరికిందో అంతా రాసుకున్నావు గదా. రాత్రి ఎంతసేపు నిద్రపోతాందో ఎప్పుడన్నా రాసుకున్నావా?"

నా దగ్గర జవాబు లేదు. మామగారిని రాత్రి రెండుసార్లు లేచి పక్కకు తిప్పి పడుకోబెట్టేది ఆమేనని అప్పుడే తెలిసింది. నిద్ర నాలుగున్నర గంటలు. నా రిజిస్టరులో కిలోమీటర్లున్నాయి, నిమిషాలున్నాయి, గుండె వేగముంది. నిద్రకు గడి లేదు.

నిద్ర అనే నాలుగో ఆట

సాధన చేసేటప్పుడే బలం వస్తుందని చాలామంది అనుకుంటారు. సాధన నిజానికి ఒంటిని అరగదీస్తుంది. బలం వచ్చేది విశ్రాంతిలో. ఎముక సంగతే చూడండి. భారం పెరిగినప్పుడు శరీరం ముందు పాత ఎముకను కొంత తొలగించి, ఆ తర్వాత కొత్తది పోస్తుంది. ఇంటి మరమ్మతులాగే, కూల్చాక కట్టడానికి వ్యవధి కావాలి. ఆ వ్యవధి ఇవ్వకుండా మళ్లీ మళ్లీ బరువు వేస్తే గోడ పగులుతుంది. గుండె, కండరాలు త్వరగా అలవాటు పడతాయి. ఎముకలకూ, నరాల్లా గట్టిగా ఉండే కండర బంధాలకూ ఎక్కువ కాలం పడుతుంది. ఆయాసం తగ్గింది గదా అని దూరం పెంచేవారికి దెబ్బ తగిలేది ఇక్కడే.

ఆమె కోలుకున్నాక రిజిస్టరులో మొదటి గడి నిద్రకు పెట్టాను. ఆరు గంటల కంటే తక్కువైతే ఆ రోజు కఠిన సాధన రద్దు, నడక మాత్రమే. మూడు వారాలు కొద్దికొద్దిగా పెంచి, నాలుగో వారం తగ్గించాలి. పరుగులో ఎక్కువ భాగం పక్కవారితో మాట్లాడగలిగినంత నెమ్మదిగా సాగాలి. ఇది చేతగానివారి పద్ధతి కాదు. హవాయి పోటీని ఆరుసార్లు గెలిచిన మార్క్ ఆలెన్, గుండె వేగం ఒక హద్దు దాటకుండా ఏళ్ల తరబడి నెమ్మదిగా సాధన చేసినవాడే. అంతకుముందు ఆరు ప్రయత్నాల్లో అతనికి గెలుపు దక్కలేదు. 1989లో డేవ్ స్కాట్‌ను నిమిషం లోపు తేడాతో ఓడించి మొదటిసారి గెలిచాడు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. రాత్రి మామగారి పనిలో ఒక వంతు ఆమె భర్త తీసుకున్నాడు. నేను రాసిచ్చిన ఏ వ్యాయామం కంటే కూడా అదే ఎక్కువ ఫలితమిచ్చింది.

ఉప్పు, తిండి, సముద్రం

మన ఒంట్లో చక్కెర రూపంలో నిలవుండే శక్తి సుమారు 2000 కేలరీలు మాత్రమే. అది అయిపోతే ఎంత మనోబలమున్నా కాళ్లు కదలవు. దూరపు పోటీలో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండి పదార్థం లోపలికి వెళ్లాలి. ఒక అరటిపండులో 25 గ్రాములకు అటూ ఇటూగా ఉంటుంది. పోటీ రోజు కొత్త తిండి ముట్టరాదు. ఈమె సాధనకు ముందు రాగి అంబలి, తర్వాత ఉప్పు వేసిన మజ్జిగ తాగేది. ఉత్త నీళ్లు అదేపనిగా తాగడం కూడా ప్రమాదమే. రక్తంలో ఉప్పు పలచబడి తలనొప్పి, తికమక మొదలై ప్రాణం మీదికి రావచ్చు.

ఈతలో భయం వేరు. కొలనులో 25 మీటర్లకొక గోడ ఉంటుంది, పట్టుకోవచ్చు. సముద్రంలో గోడ లేదు. ఆరేడు బారలకొకసారి కళ్లెత్తి గుర్తు చూసుకోకపోతే దారి తప్పుతాం. అక్కడ ఒంటరిగా సాధన చేయవద్దని ప్రతి ఒక్కరికీ ఖండితంగా చెబుతాను.

మిరామార్ తీరంలో

2023లో ఆమె పణజిలోని మిరామార్ తీరంలో నీళ్లలోకి దిగింది. నేను చెప్పింది ఒకటే: "మొత్తం దూరం తలుచుకోవద్దు. ఈతలో తర్వాతి గుర్తు. సైకిలు మీద తర్వాతి మలుపు. పరుగులో ప్రతి నీళ్ల పందిరి దగ్గరా ముప్పై అడుగులు నడిచి, రెండు గుక్కలు తాగి, మళ్లీ పరుగు."

ఎండ మండిపోయింది. సైకిలు మీద ఎదురుగాలికి సమయం పోయింది. పరుగు చివరి భాగంలో లెక్క వేస్తే ఆమెకు మిగిలింది బొటాబొటి సమయం. నేను నీళ్ల పందిరి పక్కన నిలబడి ఉన్నాను. ఆగవద్దు, పరుగెత్తు అని అరవాలని నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె పందిరి దగ్గరకొచ్చి, పరుగు ఆపి నడిచింది. కప్పు తీసుకుంది. నా వంక చూస్తూనే తాగింది. నేను నోరు మూసుకున్నాను. ఇరవై ఏళ్ల శిక్షణలో నాకు అన్నింటికంటే కష్టమైన ముప్పై అడుగులు అవే.

గడువుకు తొమ్మిది నిమిషాల ముందు గీత దాటింది.

వాళ్లింటికి ఫోన్ చేశాను. అత్తగారు ఎంత సమయంలో వచ్చిందని అడగలేదు, ఎన్నో స్థానమని అడగలేదు. "కాలు బాగుండాదా? ఏమన్నా తినిందా?" అన్నారు. నేను కూడా మొదట అడగవలసిన ప్రశ్నలు అవేనని ఆ పెద్దావిడ దగ్గరే నేర్చుకున్నాను.

మన సంఘం కుటుంబాల్లో నలభై దాటాక ఇలాంటి కోరిక పుట్టినవారు ఉంటే సంకోచించకండి. ముందు డాక్టరుకు గుండె చూపించుకోండి. ఏడాది వ్యవధి పెట్టుకోండి. నొప్పి చెబితే వినే గురువును వెతుక్కోండి. పట్టికలో మొదటి గడి మాత్రం నిద్రకే వదలండి.