మా ఊరి ఫోటో మా ఊళ్లోనే రాదు

అరకు అందాల ఫోటోలు నెట్‌లో కుప్పలు తెప్పలు. ఆ కొండల మీద కూర్చుని చూద్దామంటే మాత్రం చక్రం తిరుగుతూనే ఉంటుంది. తప్పంతా సిగ్నల్‌దేనా?

అనంతగిరి దాటాక రోడ్డు మలుపులో దిగి, సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ మొక్కల మధ్య అరగంట నడిస్తే ఓ ఇల్లు వస్తుంది. అందులో రెండు గదులు పర్యాటకులకు అద్దెకిస్తాడు అక్కడి కుర్రాడు. విశాఖలో ఎవరిచేతనో వెబ్‌సైటు చేయించుకున్నాడట. "చూడండి సార్" అని తన ఫోన్ నా చేతిలో పెట్టాడు. తెల్లటి తెర మీద ఇంటి పేరు, దాని కింద తిరుగుతున్న చక్రం. రెండు నిమిషాలైనా ఒక్క బొమ్మ రాలేదు. "విశాఖలో చూస్తే అన్నీ వచ్చాయి సార్. మా ఊరి ఫోటో మా ఊళ్లోనే రాదు" అన్నాడు.

ఆ రాత్రి అక్కడే ఉండిపోయాను. సిగ్నల్ కాస్త నిలకడగా దొరికే గుట్ట మీద కూర్చుని ఆ పేజీలో ఏముందో విప్పి చూశాను. మొత్తం పదకొండు ఫోటోలు. ఒక్కొక్కటీ ఫోన్‌లో తీసింది తీసినట్టే ఎక్కించారు. 4000 అడ్డం, 3000 నిలువు, అంటే కోటీ ఇరవై లక్షల చుక్కలు. ఒక్కో ఫైలు దాదాపు 4 ఎంబీ, అన్నీ కలిపి 44. సెకనుకి ఒక మెగాబిట్ వేగం వచ్చినా పేజీ పూర్తిగా తెరుచుకోవడానికి ఆరు నిమిషాలు కావాలి. వాన పట్టిన సాయంత్రం అది వంద కిలోబిట్లకు పడిపోతే ఒక్క ఫోటోకే ఐదు నిమిషాలు దాటుతుంది. ఇంతా చేసి ఆ కుర్రాడి ఫోన్ తెర వెడల్పు 1080 చుక్కలే. మిగతావన్నీ కొండెక్కి వచ్చి, తెర మీద చోటు లేక వృథా అవుతున్నాయి.

నెట్‌వర్కు అందని 24,680 గ్రామాలకు 4జీ ఇవ్వాలని కేంద్ర మంత్రివర్గం 2022 జూలైలో నిర్ణయించింది. టవర్లు రావాలి, వచ్చి తీరాలి. కానీ ఆ టవరు మోసుకొచ్చే కాస్త దారినీ అక్కరలేని బరువుతో నింపేస్తున్నది ఫోటో ఎక్కించేవాళ్లం మనమే. దీనికి మందు మన చేతిలోనే ఉంది: ముందు కొలత తగ్గించడం, ఆ తర్వాత ఫార్మాట్ మార్చడం. ఈ వరస తిరగబడకూడదు. 1200 అడ్డం, 900 నిలువుకి కుదిస్తే చుక్కలు పదకొండో వంతుకి పడిపోతాయి. ఫార్మాట్ సంగతి ఎత్తకముందే సగానికి పైగా పని అయిపోతుంది.

పొగమంచు పెట్టే పరీక్ష

ఫార్మాట్ దగ్గరే అసలు ఆసక్తి. అరకు ఫోటోలన్నిటికీ ఒకే మందు పనిచేయదు. ఎందుకో తెలియాలంటే ఫోటోలకు ఎక్కువగా వాడే జేపెగ్ ఫార్మాట్ లోపలికి తొంగిచూడాలి.

1992లో ప్రమాణంగా స్థిరపడిన జేపెగ్ బొమ్మని ఎనిమిదికి ఎనిమిది చుక్కల గడులుగా కోస్తుంది. ఒక్కో గడిలోని వెలుగునీ రంగునీ అలల లెక్కగా మార్చి, కంటికి ఆనని సన్నటి అలల్ని వదిలేస్తుంది. ఆ లెక్క పేరు డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్. బెంగళూరులో పుట్టిన నసీర్ అహ్మద్ ఆలోచన అది. 1972లో దాని మీద పరిశోధనకు అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్‌ని నిధులు అడిగితే రాలేదు. అయినా వదలకుండా టి. నటరాజన్, కె. ఆర్. రావులతో కలిసి 1974 జనవరిలో పరిశోధన పత్రం ప్రచురించారు. ఆ రావుగారి పూర్తి పేరు కామిశెట్టి రామమోహన్ రావు. టెక్సాస్ విశ్వవిద్యాలయం ఆర్లింగ్టన్ ప్రాంగణంలో దశాబ్దాల పాటు పాఠాలు చెప్పి 2021లో కన్నుమూశారు. మన వాట్సాప్‌లో తిరిగే ప్రతి పెళ్లి ఫోటో వెనకా ఆ లెక్క ఉంది. ఇంత తెలుగు పేరుని మనం ఎప్పుడూ తలుచుకోకపోవడం నాకు బాధగానే ఉంటుంది.

మళ్లీ కొండల్లోకి వద్దాం. పాడేరు దగ్గర వంజంగి కొండ మీద తెల్లవారుజామున మబ్బులు కాళ్ల కింద సముద్రంలా పరుచుకుంటాయి. ఆ ఫోటోని గట్టిగా కుదించి చూడండి. తెలుపు నుంచి నీలంలోకి మెల్లగా కరిగిపోవాల్సిన మంచు మెట్లు మెట్లుగా విరిగిపోతుంది, గడుల అంచులు బయటపడతాయి. ఆకులు, కొమ్మలు నిండిన అడవిలో ఇలాంటి పొరపాటు కంటికి దొరకదు. ఏమీ లేనట్టుండే మంచులో దాగడానికి దానికి చోటు లేదు. అడవికి బైట్లు ఎక్కువ కావాలి, మంచుకి మెత్తదనం కావాలి.

బొర్రా గుహల్లో ఇబ్బంది వేరే. చీకట్లో తీసిన ఫోటో నిండా నలుసులుంటాయి. ఫార్మాటుకి నలుసేదో రాయేదో తెలియదు, అన్నిటినీ కష్టపడి మోస్తుంది. అందుకే నల్లటి ఫోటో కూడా బరువు తూగుతుంది. కుదించే ముందు నలుసులు కాస్త తుడిస్తే ఫైలు చెప్పుకోదగ్గంత తగ్గుతుంది. పైగా అక్కడ రాళ్ల మీద రంగు దీపాలు. వెలుగుతో పోలిస్తే రంగు తేడాల్ని మన కన్ను అంత నిశితంగా పట్టదు. ఆ ధైర్యంతోనే మామూలు జేపెగ్ రంగుని అడ్డంలోనూ నిలువులోనూ సగం వివరంతో దాచుకుంటుంది. ముదురు ఎరుపు వెలుగులో రాతి అంచులు అలుక్కుపోవడానికి కారణం ఇదే. ఆకుపచ్చ ఆకుల మధ్య పండిన కాఫీ పండు అంచు మసకబారడానికీ ఇదే కారణం. అరకు అరాబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ పండుని అమ్ముకునేవాళ్లకి దాని ఎరుపు ముఖ్యం.

2010లో గూగుల్ తెచ్చిన వెబ్‌పీ ఫార్మాట్, జేపెగ్ కంటే పాతిక నుంచి ముప్పై నాలుగు శాతం చిన్నదని ఆ సంస్థే చెప్పింది. 2020లో సఫారీ కూడా ఒప్పుకున్నాక ఇప్పుడు దాదాపు ప్రతి ఫోన్‌లోనూ తెరుచుకుంటుంది. కానీ మామూలుగా వాడే వెబ్‌పీకి రంగుని సగం వివరంతో దాచుకోవడం తప్ప వేరే దారి లేదు. 2019లో వచ్చిన ఏవిఫ్‌లో రంగుని పూర్తి వివరంతో ఉంచుకోవచ్చు, మెట్లు పడకుండా ఒక్కో రంగుకి పది బిట్లూ కేటాయించవచ్చు. అయితే ఆ మెత్తదనం దక్కాలంటే కెమెరా కుదించకుండా ఇచ్చిన రా ఫైలు నుంచి తయారుచేయాలి. విరిగిపోయిన జేపెగ్‌ని ఏవిఫ్‌లోకి మార్చితే ఆ విరుపుల్నే భద్రంగా దాచినట్టవుతుంది.

ఇక ఐఫోన్ 2017 నుంచి వాడుతున్న హెయిక్ ఫైలుని ఉన్నదున్నట్టు పేజీలో పెట్టకూడదు, చాలా బ్రౌజర్లు దాన్ని తెరవవు. కాఫీ ప్యాకెట్ గుర్తు లాంటి గీతల బొమ్మలకు ఎస్‌వీజీ, అది కుదరకపోతే పీఎన్‌జీ. గదుల అద్దెల పట్టిక లాంటి తెలుగు అక్షరాలని జేపెగ్‌లో పెడితే వత్తులూ గుడులూ చుట్టూ బూజు పట్టినట్టవుతాయి. ఆ మాటకొస్తే అక్షరాలని బొమ్మగా పెట్టడమే తప్పు. యూనికోడ్‌లో రాస్తే ఆ పట్టిక బరువు ఒకటి రెండు కేబీలు, వెతికితే దొరుకుతుంది కూడా. డీటీపీ ఫాంట్లలో కొట్టి బొమ్మగా ఎక్కించే అలవాటు మనకింకా పోలేదు.

ఫైలు చెప్పే రహస్యాలు

ఆ పదకొండు ఫోటోల్లో ఒకదాంట్లో పక్క ఊరి గదబ తెగ వృద్ధురాలు తన గుమ్మంలో కూర్చుని ఉంది. ఆ ఫైలులో ఫోటోతో పాటు ఆ గుమ్మం అక్షాంశ రేఖాంశాలు కూడా ఉన్నాయి. ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి తీస్తే ఈ వివరం ఫైలులో కలిసిపోతుంది. ఎవరైనా దింపుకుని, మ్యాప్ పట్టుకుని నేరుగా ఆమె ఇంటి ముందు నిలబడొచ్చు. ఫార్మాట్ మార్చేటప్పుడు ఈ వివరాన్ని తీసేయడం నా దృష్టిలో బైట్లు తగ్గించడం కంటే పెద్ద పని. ఆమెని అడిగే ఆ ఫోటో తీశారా అన్నది అంతకంటే ముందు వేయాల్సిన ప్రశ్న. కుర్రాడికి తెలియదు. ఆ ఫోటో తీసేశాం. మిగిలినవి పది.

ఫోటోలు కుదించే గూగుల్ వాళ్ల స్క్వూష్ ఉచితం, బ్రౌజర్‌లోనే పనిచేస్తుంది, ఫోటో ఎక్కడికీ వెళ్లదు. ఒక్కో ఫోటోనీ కుదించి, పాత రూపాన్నీ కొత్త రూపాన్నీ పక్కపక్కన పెట్టి, మంచు ఎక్కడ విరుగుతోందో చూసుకుంటూ కూర్చున్నాం. స్నేహితులు తీసిన ఫోటోలు వాట్సాప్‌లో మామూలుగా తెప్పించుకుంటే నలిగిపోతాయి. అక్కడ ఒకసారి నలిగినవాటిని మళ్లీ నలపకుండా, వాటిని డాక్యుమెంటుగా పంపమని అడగాలని కుర్రాడికి చెప్పాను.

ఏవిఫ్ తెలిసిన ఫోన్‌కి ఏవిఫ్, తెలియనిదానికి వెబ్‌పీ, అదీ కాకపోతే జేపెగ్ వెళ్లేలా పేజీలో రాసుకోవచ్చు, పిక్చర్ అనే ట్యాగ్ ఉన్నది అందుకే. కానీ వంజంగి ఫోటోకి నేను పాత జేపెగ్‌నే ఎంచుకున్నాను, మంచు విరగకుండా కుదింపు తగ్గించి. అందులో ప్రోగ్రెసివ్ అనే పద్ధతి ఉంది. సిగ్నల్ బలహీనంగా ఉంటే బొమ్మ మొత్తం ముందు మసగ్గా వచ్చి, బైట్లు చేరేకొద్దీ తేటపడుతుంది. వెబ్‌పీ పైనుంచి కిందికి ముక్కలుగా దిగుతుంది. కొండల్లో నెట్ మధ్యలో తెగితే సగం ఫోటో కంటే మసక ఫోటో మేలు. అదీ తెగిపోతే కనిపించడానికి ప్రతి బొమ్మకీ తెలుగులో ఒక వాక్యం రాశాం. చూపు లేనివాళ్ల ఫోన్ చదివి వినిపించేది కూడా ఆ వాక్యమే.

తెల్లారేసరికి పది ఫోటోలూ కలిపి 1.3 ఎంబీ అయ్యాయి. కుర్రాడు తన ఫోన్ తీసుకుని, ముందు రోజు చక్రం తిరిగిన చోటే గుమ్మంలో నిలబడి పేజీ తెరిచాడు. వంజంగి మంచు మసగ్గా వచ్చి తేటపడింది. వేలితో కిందికి జరుపుతూ వలిసె పూల పొలం దగ్గర ఆగాడు.

"వలిసెలు ఇంత పాలిపోయి ఉండవు సార్."

నాకు తేడా తెలియలేదు. అసలు ఫైలు తెరిచి పక్కన పెట్టాక తెలిసింది. ఆ ఒక్కటీ ఐఫోన్‌లో తీసింది. దాని రంగుల పరిధి పెద్దది. మార్చేటప్పుడు ఆ పరిధి ఏదో చెప్పే రంగుల పట్టీ ఫైలులోంచి రాలిపోయింది, బ్రౌజరు ఆ పసుపుని వెలిసిపోయినట్టు చూపిస్తోంది. ముందు వెబ్‌లో మామూలుగా వాడే ఎస్‌ఆర్‌జీబీ రంగుల పరిధిలోకి తెచ్చి, తర్వాత కుదించి మళ్లీ ఎక్కించాను. కుర్రాడు ఫోన్ పట్టుకుని పెరటి వైపు నడిచాడు. కంచె అవతల వలిసె చేను పూసి ఉంది. తెర ఒకసారి, చేను ఒకసారి చూసి, "ఇప్పుడు మావే" అన్నాడు.