గోదావరి ఇసుక తిన్నెలపై చలికాలపు నడక

(మహదేవపూర్ ప్రాంతం నుండి మా విలేఖరి)

మన జిల్లాలకు సముద్రం లేదు. జనగామ వారు గాని, మానుకోట వారు గాని సముద్రం చూడాలంటే రైలెక్కి విజయవాడ దాటి, బాపట్ల దగ్గర సూర్యలంక దాకా పోవాలి. ఇంటిల్లిపాదీ పోవాలంటే ఖర్చు ఎంతవుతుందో చెప్పనక్కర లేదు. ఈ సంక్రాంతి సెలవుల్లో ఈ విలేఖరి ఇంట్లో ఇదే గొడవ వచ్చింది. ఐదో తరగతి చదివే మా అమ్మాయి టీవీలో సముద్రపు ఒడ్డు చూసి, అటువంటి ఇసుకలో నడవాలని పట్టుబట్టింది. పక్కన కూర్చొని సకినాలు చుడుతున్న మా అమ్మ ఆ మాట విని, "ఇసుకనే గదా బిడ్డా! మా గంగ ఒడ్డుకు లేని ఇసుకనా?" అన్నది.

ఆమె గంగ అన్నది గోదావరిని. ఆ వైపు పల్లెల్లో గోదావరిని గంగ అనే పిలుస్తారు. మా అమ్మ పుట్టిల్లు కాళేశ్వరానికి ఎగువన ఒడ్డు మీద ఉన్న ఒక చిన్న పల్లె. పెళ్ళికి ముందు ప్రతి చలికాలం తల్లి వెంట ఇసుకలో నడిచి కాళేశ్వరం పోయి స్నానం చేసి వచ్చేదట. ఇప్పుడు ఆమెకు అరవై ఎనిమిదేళ్ళు. మోకాళ్ళ నొప్పులు. అయినా, "నడుస్త. మెల్లగ నడుస్త" అన్నది. దాంతో ఖర్చు మాట పోయి నడక మాట వచ్చింది.

భూపాలపల్లి జిల్లా ఉత్తరపు అంచు పొడుగునా గోదావరి పారుతుంది. మహదేవపూర్, పలిమెల మండలాలు నది ఒడ్డువే. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు ఏర్పడే వరకు ఇవి కరీంనగర్ జిల్లాలో ఉండేవి. అందుకే జనగామ వైపు వారికి ఈ ఒడ్డుతో పరిచయం తక్కువ. కాళేశ్వరం గుడి తెలుసు, దాని అవతల, ఇవతల ఉన్న ఇసుక తెలియదు. గుడికి వచ్చినవారు ఘాట్‌లో మునిగి, దర్శనం చేసుకొని, అదే బస్సుకు తిరిగిపోతారు.

మేము ఆరుగురం బయలుదేరాము. అమ్మ, నేను, మా ఇంటామె, ఇద్దరు పిల్లలు, నా బామ్మర్ది. హనుమకొండ నుండి పరకాల, రేగొండ, భూపాలపల్లి, కాటారం మీదుగా మహదేవపూర్ చేరాము. 2023 డిసెంబర్ 9 నుండి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవారికి టికెట్టు లేనందున సగం ఖర్చు అక్కడే తప్పింది. మహదేవపూర్‌లో మగ్గాల చప్పుడు వింటూ ఆటో కోసం నిలబడ్డాము. ఇక్కడ దసలి పట్టు నేస్తారు. దసలి పురుగులు ఈ అడవుల్లోని మద్ది చెట్ల ఆకులు తిని గూళ్ళు కడతాయి. వాటి దారమే ఆ బట్ట. మా ఇంటామె ఒక చీరను చేత్తో తడిమి చూసి, ధర అడిగి, మెల్లగా మడత పెట్టి ఇచ్చేసింది. ఆ రాత్రి మా మేనమామ కొడుకు ఇంట్లో పడుకున్నాము.

పొద్దు పొడవక ముందే

తెల్లవారుజామున లేచేసరికి నది కనబడలేదు. పొగమంచు ఒడ్డును, నీటిని కలిపి ఒకే తెల్లని గోడగా నిలబెట్టింది. తొందర పడవద్దని మా మేనమామ కొడుకు ఆపాడు. మంచులో ఒడ్డు కోత ఎక్కడుందో కానరాదు. పొద్దు బారెడెక్కి మంచు విచ్చాక, జొన్న రొట్టెలు, పచ్చి పులుసు సద్ది కట్టుకొని దిగాము. ఆరేడు కిలోమీటర్ల నడక. సాయంత్రానికి కాళేశ్వరం చేరితే చాలు.

పల్లె కిందనే మొదటి ఇసుక తిన్నె. ఆ మూల నుండి ఈ మూలకు కేక వేస్తే వినపడదు. రాత్రి చలికి ఇసుక ఐసు గడ్డలా ఉంది. పిల్లలు చెప్పులు విప్పి, కెవ్వున అరిచి, మళ్ళీ వేసుకొని, మళ్ళీ విప్పారు. ఎండిన ఇసుకలో అడుగు ముందుకు వేస్తే సగం వెనక్కి జారుతుంది. అమ్మ నీటి అంచుకు పోయి తడి ఇసుక మీద నడవసాగింది. అక్కడ నేల గట్టిగా ఉంటుంది, మోకాలికి బాధ ఉండదు. ఆమె వెనుక మేమందరం కొంగల వరుసలా నడిచాము.

ఈ ఇసుక మధ్యలో కొన్నేళ్ళు లేదు. 2019 జూన్ 21న కాళేశ్వరం ఎత్తిపోతల పథకం ప్రారంభమైంది. కాళేశ్వరానికి దిగువన మేడిగడ్డ వద్ద 85 గేట్లతో కట్టిన బ్యారేజీలో నీరు నిలిపాక, వెనుక జలాలు కాళేశ్వరం ఘాట్ దాటి పైకి పాకాయి. మా అమ్మ ఆ రోజుల్లో ఒకసారి వచ్చి చూసి, "సముద్రం లెక్క నిండింది" అని సంతోషపడింది గాని, నడిచే ఇసుక పోయిందని ఒక మాట కూడా అన్నది. 2023 అక్టోబర్ 21న మేడిగడ్డలో పియర్లు కుంగిన తరువాత గేట్లు ఎత్తి నీరు వదిలేశారు. అప్పుడు నది మళ్ళీ పాయలుగా చీలి, ఇసుక బయట పడింది. ఆ బ్యారేజీ కథ పెద్దది, ఎన్నో పేజీలకు ఎక్కింది. మా నడకకు సంబంధించినంత వరకు, నీళ్ళ కింద పడి ఉన్న ఇసుక మళ్ళీ కంటికి కనపడింది, అంతే. కాని అది పాత ఇసుక కాదని మాకు అప్పటికి తెలియదు.

మొదటి తిన్నె చివర ఒడ్డు నిట్టనిలువుగా కోసుకుపోయింది. నీటి అంచున దారి లేదు. పైకెక్కి, సర్కారు తుమ్మల మధ్య నుండి మిరప చేలలోకి పడ్డాము. కాయ ఎర్రబడుతోంది. చేను గట్టు మీద వంట చేసుకుంటున్న కూలీలు మమ్మల్ని చూసి, ఎవరి పెళ్ళికి పోతున్నారని అడిగారు. ఊరికే నడుస్తున్నామంటే నమ్మలేదు. పని లేకుండా ఇసుకలో ముసలామెను, పిల్లలను నడిపించే మనిషిని వారు చూసి ఉండరు. దేశం కాని దేశంలో దీనికి పెద్ద పేరే ఉన్నది. ఇంగ్లండు పక్కన ఉన్న వేల్స్‌లో తీరం పొడుగునా సుమారు 1,400 కిలోమీటర్ల కాలిబాటను 2012 మే నెలలో ప్రారంభించారు. కుటుంబాలతో సహా జనం ముక్కలు ముక్కలుగా, ఒక ఇసుక తీరం నుండి మరొక తీరానికి దాని మీద నడుస్తారు. మన ఒడ్డున రైతు గట్టు బాట ఉంది. దానికి ఎవరూ పేరు పెట్టలేదు.

పాత రేవు

రెండో తిన్నె మీద మనిషి జాడ లేదు. ఇసుక మీద ఒక నక్క నడిచిపోయిన అడుగులు, పిట్టల కాళ్ళ గీతలు తప్ప మరొకటి లేదు. తీతువు పిట్ట ఒకటి మమ్మల్ని చూసి అరుస్తూ లేచింది. నీటి మధ్య బండ మీద నీటికాకులు రెక్కలు విప్పి ఆరబెట్టుకుంటున్నాయి. ఇక్కడ సద్ది విప్పాము. చిన్నవాడు ఇసుకలో గుంత తవ్వితే అడుగున నీరు ఊరింది. వాడికి అదొక అద్భుతం. వర్షాకాలం నీటిని ఇసుక తన కడుపులో దాచుకొని చలికాలమంతా కొద్దికొద్దిగా పాయకు ఇస్తుందని, ఒడ్డు పల్లెల బావులు ఎండక పోవడానికి అదే కారణమని వాడి మామ చెప్పాడు.

భోజనం కాగానే అమ్మ కర్ర పట్టుకొని లేచింది. "ఇగో, గీడనే రేవు ఉండె. చలికాలం మోకాళ్ళ మట్టుకు నీళ్ళు. చెన్నూరు దిక్కు పోయేటోళ్ళు గీడనే దాటేది. చీర జెర ఎత్తి పట్టుకుంటే అయిపాయె. రాండ్రి, చూపిస్త" అంటూ నీటి వైపు నడిచింది. పిల్లలు ఆమె కంటె ముందు ఉరికారు.

నీరు కదలకుండా అద్దంలా ఉంది. చూసినవారికి భయం అనే మాటే గుర్తుకు రాదు. అమ్మ పిల్లలను ఆపి, అలవాటు ప్రకారం ముందు కర్ర దించింది. కర్ర దిగుతూనే పోయింది. ఆమె పట్టు వదలక ముందుకు వంగింది. కర్ర మొత్తం మునిగి, మణికట్టు తడిసినా అడుగు తగలలేదు. కాళ్ళ కింద ఇసుక జారింది. బామ్మర్ది భుజం పట్టి వెనక్కి లాగాడు. అప్పుడే అవతల వల దులుపుకుంటున్న మనిషి, "ఓ అక్కా, ఆడ దిగకు! ఆడ దిగకు!" అని కేకలు వేస్తూ వచ్చాడు.

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. ఇసుకలో కూర్చొని ఆ నీటినే చూసింది. తరువాత, "గంగ నన్ను గుర్తు పడ్తలేదు బిడ్డా" అన్నది.

ఆ చేపలు పట్టే మనిషి చెప్పిన సంగతులు ఒడ్డుకు పోయే ప్రతివారూ తెలుసుకోవలసినవి. పాత రేవులను నమ్మవద్దన్నాడు. 2022 జూలైలో వచ్చిన పెద్ద వరద నది అడుగును అటుది ఇటు, ఇటుది అటు చేసింది. నీరు నిలిచిన ఏళ్ళలో కొన్నిచోట్ల ఒండ్రు మేట వేసింది, దాని మీద కాలు పెడితే ఊబిలా దిగుతుంది. ఇసుక తోడిన చోట్ల గుంతలు పడ్డాయి. పై నీరు వాటిని కప్పేస్తుంది గనుక మోకాలి లోతులో నడుస్తున్న మనిషికి మరుసటి అడుగే నిలువు లోతు కావచ్చు. గలగల పారే నీరు లోతు తక్కువ, చప్పుడు లేని నీరు లోతు ఎక్కువ అన్నాడు. నది వంపు తిరిగిన చోట కోత పడిన ఒడ్డు వైపు లోతు, ఇసుక మేట వేసిన వైపు మెరక. ఈత వచ్చినంత మాత్రాన కుదరదు. గుంత అంచు ఇసుక కాలు పెట్టిన కొద్దీ జారుతుంది. ఒకరు మునిగితే తీయడానికి దిగినవారూ అందులోనే పోతారు.

2025 జూన్ 7న మేడిగడ్డ వద్ద నీటిలోకి దిగిన ఆరుగురు ప్రాణాలు పోగొట్టుకున్న సంగతి పాఠకులకు తెలిసిందే. అందరూ చిన్న వయసు వారు. ఆ వార్తను పేపర్లో చదివినప్పుడు, కుర్రవారి తొందర అనుకున్నాను. ఇప్పుడు ఆ గుంత అంచున నిలబడితే తొందర మాట రాలేదు. మాలో అందరికంటె నిదానస్తురాలు మా అమ్మ. ఆమెకు ఆ రేవు తెలుసు, అదే ముప్పయింది. మేము నడిచిన మేర లోతు తెలిపే బోర్డు ఒక్కటి కూడా మా కంట పడలేదు. ప్రతి పల్లె రేవు వద్ద ఒక ఎర్ర జెండా కర్ర పాతినా ఎంతో మేలు. ఆ పని గ్రామస్థులు తలచుకుంటే ఒక పూటలో అవుతుంది.

సంగమం వద్ద

మిగిలిన దారి అమ్మ నీటికి పది అడుగుల ఇవతలే నడిచింది. పిల్లలను చెరొక చేత్తో పట్టుకొని నడిచింది. మోకాలు నొప్పి అనలేదు. మూడో తిన్నె కాళేశ్వరం వైపుది. ఇక్కడ జనం ఉన్నారు, బొమ్మల కొట్లు ఉన్నాయి, మరమరాలు ఉన్నాయి. వార్ధా, వైన్‌గంగ నదులు కలిసి అయిన ప్రాణహిత ఇక్కడ గోదావరిలో కలుస్తుంది. చలికాలంలో గోదావరి సన్నని పాయ, ప్రాణహిత నిండు ధార. కొత్తగా చూసినవారు ఏది ఏ నదిలో కలుస్తున్నదో చెప్పలేరు. సరస్వతి కంటికి కనపడకుండా కలుస్తుందని నమ్మకం. 2025 మే 15 నుండి 26 వరకు ఇక్కడ సరస్వతి పుష్కరాలు జరిగాయి. ఎదుట కనిపించే ఒడ్డు మహారాష్ట్రలోని సిరొంచ తాలూకా, అక్కడా తెలుగు మాటలే వినపడతాయి.

గుడిలో ఒకే పానవట్టం మీద యముడి లింగం, శివుడి లింగం రెండూ ఉంటాయి. ముందు యముడికి మొక్కి తరువాత శివుడికి మొక్కాలని అమ్మ పిల్లలకు చెప్పింది. ఆమె ఆ పూట యముడి ముందు కొంచెం ఎక్కువసేపు నిలబడిందని మా ఇంటామె తరువాత అన్నది.

పోదలచిన వారికి రెండు మాటలు. డిసెంబర్, జనవరి నెలలు ఈ నడకకు అనుకూలం. ఎండలు ముదిరితే ఇసుక కాలుతుంది, వానలు పడితే ఒడ్డే ఉండదు. స్థానికుడు ఒకరు వెంట లేనిదే నడవరాదు. స్నానం ఘాట్ వద్దనే చేయాలి, మధ్య తిన్నెల మీద నీటిలోకి దిగరాదు. తాగే నీరు, సద్ది వెంట తీసుకుపోవాలి, దారిలో కొట్టు ఉండదు. చలికాలం పొద్దు చిన్నది గనుక నాలుగు గంటలకల్లా కాళేశ్వరం చేరేలా చూసుకోవాలి.

తిరుగు బస్సులో సీట్లు దొరికాయి. అమ్మ కొంగులోని ఇసుక దులిపి నిద్ర పోయింది. కర్రను మాత్రం పక్కన నిలబెట్టి చేత్తో పట్టుకునే ఉంది. మహదేవపూర్ దాటిన తరువాత చిన్నవాడు సీటు దిగి, ఆ కర్ర పక్కన నిటారుగా నిలబడి, అరచేతిని నెత్తి మీద నుండి కర్రకు ఆనించి చూసుకున్నాడు. కర్రే పొడుగు.